లివర్ బాగుండాలని ఒంటికి సుగంధ నూనె రాసుకునేవాళ్లకి: ఎంత, ఎక్కడ, ఎలా

స్కానింగ్ రిపోర్టులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అనో గ్రేడ్ 2 అనో కనపడగానే చాలామంది ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతారు. కాసేపట్లోనే ఎవరో ఒకరు చెప్పేస్తారు, కుడి పక్కటెముకల కింద ఫలానా నూనె నాలుగు చుక్కలు రుద్దితే చాలు, చర్మం గుండా నేరుగా లివర్‌లోకి దిగి చెత్తంతా కడిగేస్తుంది, మాత్ర మింగే పనే ఉండదు అని. నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా ఆ చిన్న రంగు సీసాలు ఇప్పుడు మూలికల అంగళ్లలో, మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్లో తేలిగ్గా దొరుకుతున్నాయి. నాకు ఈ నూనెలంటే ఇష్టం, వాడతాను కూడా. అందుకే ఎలా వాడాలో, ఎంతవరకు ఆశ పెట్టుకోవాలో రెండూ కలిపి రాస్తున్నాను.

ముందే సూటిగా చెప్తాను. ఎసెన్షియల్ ఆయిల్, అంటే మొక్కల నుంచి తీసిన ఘాటైన సుగంధ నూనె, ఒంటికి రాయడం వల్ల మనుషుల్లో లివర్ జబ్బు తగ్గింది అని చూపించే గట్టి రుజువు లేదు. ఆ నూనె మనిషికి పనికొస్తుంది, నిద్రకి, దురదకి, వికారానికి, టెన్షన్‌తో బిగుసుకుపోయిన మెడకి భుజాలకి. లివర్‌కి దాని వల్ల జరగగలిగే మేలల్లా మనం దాని మీద కొత్త భారం వేయకుండా జాగ్రత్తగా వాడటమే. ఇది ఒప్పుకుని మొదలుపెడితే కింద చెప్పేవన్నీ మీకు ఉపయోగపడతాయి.

చర్మం గుండా అసలు ఏం వెళ్తుంది

చర్మం పైపొర చాలా పలచన, కానీ గట్టి కాపలా. చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి, మధ్యలో సున్నం బదులు కొవ్వు మెత్తినట్టు ఉంటుంది దాని కట్టుబడి. నీళ్లలో కరిగేవి అక్కడే ఆగిపోతాయి, కొవ్వులో కరిగే చిన్న అణువులు మాత్రం ఆ మధ్య కొవ్వులోంచి జారుకుంటూ లోపలికి పోతాయి. 500 డాల్టన్ల (అణువుల బరువుకి కొలత) బరువు దాటిన అణువులకి చర్మం దారివ్వడం కష్టం అని చర్మం డాక్టర్లు ఒక లెక్క వాడతారు. నిమ్మజాతి నూనెల్లో ఉండే లిమోనీన్ బరువు 136, లావెండర్‌లోని లినలూల్, నీలగిరిలోని సినియోల్ 154, పుదీనాలోని మెంథాల్ 156. అంటే ఇవి తేలిగ్గా దూరిపోయేవే.

1992లో ఒక ప్రయోగం చేశారు. వేరుశనగ నూనెలో 2 శాతం లావెండర్ కలిపి, అందులో ఒకటిన్నర గ్రాము ఒక మనిషి పొట్ట మీద పది నిమిషాలు మర్దన చేసి, రక్తం తీసి చూశారు. అయిదు నిమిషాలకే లావెండర్ ఆనవాళ్లు కనిపించాయి, ఇరవై నిమిషాల దగ్గర గరిష్ఠానికి వెళ్లాయి, గంటన్నరకల్లా దాదాపు పోయాయి. ఆ గరిష్ఠం ఎంతంటే ఒక ఎం.ఎల్. రక్తానికి సుమారు 100 నానోగ్రాముల లినలూల్. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగమే అయినా రెండు సంగతులు అర్థమవుతాయి, నూనె రక్తంలోకి వెళ్లే మాట నిజం, వెళ్లేది చాలా కొంచెం, అదీ కాసేపు.

ఇంకొక సంగతి, దీని దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కుడి పక్కటెముకల కింద రాసిన నూనె కిందనే ఉన్న లివర్‌లోకి దిగదు. చర్మంలోని సన్నటి రక్తనాళాలు దాన్ని తీసుకుని సిరల్లో కలుపుతాయి, అక్కడి నుంచి గుండెకి, ఊపిరితిత్తులకి, తర్వాత ఒళ్లంతా. పొట్ట మీద రాసినా చేతికి రాసినా లివర్‌కి చేరే దారి ఒకటే. నోటితో మింగింది మాత్రం పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే వెళ్తుంది, చర్మం దారిలో ఆ మొదటి మజిలీ తప్పుతుంది. తప్పినా లివర్ గుండా నిమిషానికి లీటరున్నర రక్తం పోతుంది కాబట్టి చివరికి ఆ నూనెని విరగ్గొట్టి బయటికి పంపాల్సిన పని మళ్లీ లివర్‌దే. చర్మం మీద రాశాం కదా లివర్‌కి సంబంధం లేదులే అనుకోవడం ఒక తప్పు, చర్మం మీద రాశాం కదా లివర్‌కి మందు అందిందిలే అనుకోవడం ఇంకో తప్పు.

దారి మారితే మందు గుణం మారుతుందన్నది మన జిల్లావాళ్లకి కొత్త విషయం కాదు. 2021 మేలో కరోనాకని నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఇచ్చిన మూలికల మందు కోసం జనం బారులు తీరినప్పుడు నోటితో తీసుకునేవాటికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, కంట్లో వేసే చుక్కలకి అప్పుడు ఇవ్వలేదు. ఏ మూలిక అన్నదాంతో పాటు ఒంట్లోకి ఏ దారిన వెళ్తుంది అన్నదీ చూడాలి.

ఎలుకల మీద ప్రయోగాలున్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విషంతో లివర్ దెబ్బతిన్న ఎలుకలకి సోంపు నూనె ఇస్తే నష్టం తగ్గిందని 2003లో వచ్చింది. కానీ ఎలుకకి దాని బరువును బట్టి ఇచ్చిన మోతాదు మన చర్మం మీద రెండు చుక్కలతో ఎప్పటికీ రాదు, అంత రాస్తే చర్మం కాలిపోతుంది. ఇంకా దగ్గర ఉదాహరణ నేల ఉసిరి. 1988లో మద్రాసు పరిశోధకులు లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఉన్నవాళ్లకి నేల ఉసిరి పొడి నోటితో ఇచ్చి సగానికి పైగా మందిలో వైరస్ ఆనవాలు పోయిందని రాస్తే ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది, తర్వాత వేరేచోట్ల చేసినవాళ్లకి ఆ ఫలితం రాలేదు. నోటితో మింగితేనే నిలబడని ఆశని చర్మం మీద చుక్కలతో పెట్టుకోవద్దు.

సీసా కొనేముందు టెస్టు

నూనెకి ముందు మీ లివర్ ఏ స్థితిలో ఉందో తెలియాలి. ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చెప్పే రక్త పరీక్ష), ప్లేట్‌లెట్లతో సహా రక్త పరీక్ష, హెపటైటిస్ బి, సి పరీక్షలు, కడుపు స్కానింగ్. ఇవి నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల్లోనూ అవుతాయి, అన్నింటికీ చెన్నై పరిగెత్తక్కర్లేదు. మామూలు ఫ్యాటీ లివర్ అయితే కింద చెప్పినట్టు నూనె వాడుకోవచ్చు. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) అన్నారా, పొట్టలో నీరు చేరిందా, కామెర్లు ఉన్నాయా, అప్పుడు మీ డాక్టర్‌ని అడగకుండా ఒక్క చుక్క కూడా వద్దు, ఎందుకంటే నూనెని విరగ్గొట్టే యంత్రాంగమే దెబ్బతిని ఉంది. సిర్రోసిస్‌లో పొట్ట మీద సిరలు ఉబ్బి ఉండొచ్చు, లోపల ప్లీహం పెరిగి ఉండొచ్చు, కాబట్టి పొట్ట మీద గట్టిగా పిసికి మర్దన చేయడం అసలే పనికిరాదు.

గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు కూడా అడిగే వాడాలి. పసిపిల్లలకి వద్దు. ముక్కు దిబ్బడ వేసిందని పసిబిడ్డ ముక్కు దగ్గర మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం రాసే అలవాటు మన ఇళ్లల్లో ఇంకా ఉంది, దాంతో ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. ఇది లివర్ విషయం కాకపోయినా చెప్పకుండా ఉండలేను.

ఏ నూనె, ఎలా చూసి కొనాలి

సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారో, ఎలా తీశారో, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. సెంటు నూనె, పరిమళ తైలం, అరోమా ఆయిల్ అని మాత్రమే ఉంటే అది వాసన కోసం చేసిన సరుకు, ఒంటికి వద్దు. ఇంటికొచ్చాక తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి, లావెండర్, నీలగిరి, పుదీనా లాంటివైతే ఆవిరైపోయి మచ్చ దాదాపు మిగలదు, జిడ్డు మరక ఉండిపోతే మామూలు నూనె కలిపారని అర్థం. గంధం, వట్టివేరు లాంటి బరువైన నూనెలకి ఈ పరీక్ష పనికిరాదు, అవి ఎలాగూ మరక వదులుతాయి.

నిద్రకి లావెండర్. దురదకి పుదీనా, చల్లగా ఉంటుంది. ఒళ్లు నొప్పులకి నీలగిరి, అదీ కొంచెంగా. నిమ్మగడ్డి నూనె వాసన బాగుంటుంది కానీ చర్మాన్ని రేపుతుంది, 30 ఎం.ఎల్. మామూలు నూనెకి 4 చుక్కలు దాటొద్దు. లవంగ నూనె పంటికి వాడేదే కదా అని ఒంటికి రాయకండి, చాలా ఘాటు. దాల్చినచెక్క నూనె చర్మానికి వద్దే వద్దు.

ప్రకాశం, నెల్లూరు రెండు వైపులా జామాయిల్ (నీలగిరి జాతి చెట్టు) తోటలున్నాయి, జలుబు చేస్తే ఆ ఆకు వేసి ఆవిరి పట్టడం మనకి అలవాటే. అది తట్టుకున్నాం కదా నూనె ఏం చేస్తుందిలే అనుకుంటారు. ఆకులో నూనె నూటికి ఒకటి రెండు పాళ్లుంటే గొప్ప. సీసాలో ఉన్నది మొత్తం అదే. ఆకుతో ఉన్న చనువు సీసాతో పనికిరాదు.

వింటర్‌గ్రీన్ నూనె గురించి ఇక్కడే చెప్పాలి, మనం నొప్పులకి రుద్దుకునే చాలా బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేట్ ఇదే. ఇది ఆస్పిరిన్ జాతి. అచ్చమైన వింటర్‌గ్రీన్ నూనె ఒక టీస్పూన్ అంటే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం, అంటే ఇరవైకి పైగా మాత్రలు. చర్మం గుండా కూడా ఇది బాగానే లోపలికి పోతుంది. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి రక్తం గడ్డకట్టే పదార్థాలు ముందే తక్కువ, రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి మాత్ర వేసుకునేవాళ్ల సంగతి సరేసరి. వీళ్లు మోకాళ్లకి రోజూ పూట పూటకీ బామ్ దట్టించడం ఆపి డాక్టర్‌ని అడగాలి.

చుక్కల లెక్క

ఏ ఎసెన్షియల్ ఆయిల్‌నీ నేరుగా చర్మం మీద వేయకండి. కలపడానికి మామూలు నూనె కావాలి. మన ఎండలకి నువ్వుల నూనె జిగటగా, వేడిగా అనిపిస్తుంది, కొబ్బరి నూనె నయం. చలికాలం పొడి చర్మానికి గానుగ నువ్వుల నూనె బాగుంటుంది, నువ్వులు పడనివాళ్లయితే తప్ప.

సుమారు 20 చుక్కలు ఒక ఎం.ఎల్. అని లెక్క. 30 ఎం.ఎల్. కొబ్బరి నూనెలో 6 చుక్కలు వేస్తే 1 శాతం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఒంటికి రాసుకోవడానికి ఇది చాలు. లివర్ సమస్య ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, చర్మం సున్నితంగా ఉన్నవాళ్లు 3 చుక్కలతో అంటే అర శాతంతో మొదలుపెట్టాలి. 2 శాతం, అంటే 12 చుక్కలు, చిన్నచోట నొప్పికి నాలుగైదు రోజుల కోసం మాత్రమే. చుక్క సైజు సీసాని బట్టి మారుతుంది కాబట్టి ఖచ్చితంగా కావాలంటే మెడికల్ షాపులో 1 ఎం.ఎల్. సిరంజి కొని సూది తీసేసి వాడండి, 0.3 ఎం.ఎల్. తీస్తే అదే 6 చుక్కలు. ఈ నూనెలు ప్లాస్టిక్‌ని, రబ్బరుని తినేస్తాయి, అందుకని సిరంజిలో నూనె నిలవ ఉంచకుండా వెంటనే వంచేసి సిరంజి పారేయండి, కలిపిన నూనె ముదురు రంగు గాజు సీసాలోనే పోయండి. సీసా మీద చీటీ అంటించి ఏ నూనె, ఎన్ని చుక్కలు, ఏ తేదీ అని రాయండి.

ఒక టీస్పూన్ కలిపిన నూనె ఒంటికి రాసుకున్నారనుకోండి. 1 శాతం లెక్కన అందులో అసలు ఎసెన్షియల్ ఆయిల్ ఒక్క చుక్క. అందులోనూ చాలా భాగం గాలికి ఆవిరైపోతుంది. సరిపోదేమో అని చుక్కలు పెంచాలనిపిస్తుంది, పెంచొద్దు. ఘాటు పెరిగితే పెరిగేది మంట, దద్దుర్లు. ఒకసారి ఒక నూనెకి చర్మం ఎదురు తిరిగిందంటే ఆ అలర్జీ చాలా కాలం వదలదు, ఆ వాసన ఉన్న సబ్బు, పౌడరు కూడా పడకుండా పోతాయి.

ముందు మోచేతి లోపల

కలిపిన నూనె కొంచెం మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత చోట రాసి రెండు రోజులు చూడండి, మధ్యలో అక్కడ సబ్బుతో రుద్దొద్దు. ఎర్రబడినా, దురద పెట్టినా, పొక్కినా ఆ నూనె మీకు కాదు. కొన్ని అలర్జీలు నిదానంగా వస్తాయి, అందుకని తొందర లేనివాళ్లు అదేచోట పూటకోసారి వారం రోజులు రాసి చూడటం ఇంకా మంచిది. పాత నూనెలతో ఈ తంటా ఎక్కువ. గాలి తగిలి, వేడి తగిలి లావెండర్‌లోని లినలూల్, నిమ్మజాతి నూనెల్లోని లిమోనీన్ మారిపోయి చర్మానికి పడని పదార్థాలవుతాయి. రోహిణి కార్తెలో మన ఇళ్లల్లో అల్మరా లోపల కూడా ఎంత వేడి ఉంటుందో తెలుసుగా, ఫ్రిజ్ తలుపులో పెట్టండి, పిల్లలకి అందకుండా. తెరిచిన నిమ్మజాతి నూనె ఏడాది దాటితే ఇల్లు తుడిచే నీళ్లలో వేయండి, ఒంటికి వద్దు.

రాసుకునే పద్ధతి

రాత్రి స్నానం చేశాక, ఒళ్లు తుడుచుకున్నాక, పడుకోవడానికి అరగంట ముందు. గోరువెచ్చటి నీళ్లు చాలు, మరుగు నీళ్లు పోసుకుంటే చర్మం ఎండిపోయి దురద పెరుగుతుంది. ఒక టీస్పూన్ కలిపిన నూనె అరచేతిలో వేసుకుని ముంజేతులకి, మెడ వెనక, భుజాలకి, పిక్కలకి నెమ్మదిగా రాయండి. అరికాలి చర్మం మందం, అక్కడ రాసి లోపలికి పంపాలనుకోవడం దండగ, కాకపోతే అరికాళ్లు రుద్దించుకుంటే హాయి, అందుకు రాసుకుంటే ఎవరూ కాదనరు. పొట్ట మీద రాయాలనిపిస్తే బొడ్డు చుట్టూ తేలిగ్గా పామండి, నొక్కొద్దు. కళ్లు, పెదాలు, పుండ్లు, గోకి గోకి చిట్లిన చోటు, మర్మస్థానాలు వదిలేయండి. కంట్లో పడితే వెంటనే శుభ్రమైన నీళ్లతో బాగా కడిగి, కన్ను మండుతూనే ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

రాసిన చోట ప్లాస్టిక్ కవరు చుట్టడం, గట్టిగా గుడ్డ కట్టడం, పైన వేడినీళ్ల బ్యాగు పెట్టడం చేయొద్దు. మూసేస్తే ఆవిరయ్యే దారి లేక లోపలికి పోయేది ఎన్నో రెట్లు పెరుగుతుంది, వేడి తగిలితే ఇంకా. ఆముదం పట్టీ వేసి వేడి కాపడం పెడితే లివర్ శుభ్రపడుతుందని చెప్పేవాళ్లున్నారు. ఆముదం విరేచనానికి పనిచేస్తుందని మనకి తెలుసు, పొట్ట మీద పట్టీతో లివర్ కడగబడుతుందన్నదానికి ఆధారం లేదు, అందులో మళ్లీ ఎసెన్షియల్ ఆయిల్ చుక్కలు కలిపి కాపడం పెడితే చర్మం కాలుతుంది.

ఒంటి మీద మందు పట్టీ అంటించుకున్నారా, నొప్పి జెల్ రాసుకున్నారా? ఆ దరిదాపుల్లో ఈ నూనె రాయొద్దు. సినియోల్, మెంథాల్, లిమోనీన్ చర్మం పైపొరలోని కొవ్వుని సడలించి వేరే మందులు లోపలికి పోయే వేగం పెంచుతాయి, మందుల తయారీ పరిశోధనల్లో వీటిని ఆ పని కోసమే వాడి చూస్తారు. పట్టీ లోని మందు డాక్టర్ అనుకున్నదానికంటే ఎక్కువ ఒంట్లోకి పోతే ఇబ్బంది.

ఇలా వారానికి అయిదు రోజులు రాసుకుని రెండు రోజులు వదిలేయండి. నెల రోజుల్లో నిద్ర, దురద, ఒంటి నొప్పి ఏ కొంచెమైనా మెరుగు లేకపోతే ఆపేయండి, ఇంకో సీసా కొనకండి. మెరుగుంటే కొనసాగించండి, కానీ మెరుగైంది లివర్ అనుకోకండి, అది రక్త పరీక్షే చెప్పాలి.

నిమ్మ నూనె, మన ఎండ

గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల ఊళ్లకి నిమ్మ నూనె గురించి చెప్పకపోతే ఎలా? నిమ్మతొక్కని పిండి తీసిన నూనెలో ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో చర్మం ఎర్రబడి, పొక్కులు లేచి, తర్వాత నల్లమచ్చలు పడి నెలల తరబడి ఉంటాయి. చేతులకి నిమ్మరసం, తొక్క నూనె అంటుకుని అలాగే ఎండలో పనిచేసినా ఇదే జరుగుతుంది. ఒంటికి నిమ్మ నూనె రాసుకోవాలంటే ఆవిరి పట్టి తీసిందే కొనండి, దాంతో ఈ బాధ లేదు. పిండి తీసిందైతే 30 ఎం.ఎల్. లో 4 చుక్కలు దాటకుండా, రాత్రిపూట మాత్రమే, మర్నాడు ఆ చోటు బట్టతో కప్పుకుని తిరగండి. నిజానికి వికారానికి నిమ్మ వాసనే కావాలంటే ఒక కాయ గోటితో గీరి వాసన చూస్తే సరిపోతుంది, చర్మం జోలికే పోనక్కర్లేదు.

మింగడం మాత్రం వద్దు

చర్మం మీద పని చేయట్లేదని గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగేవాళ్లున్నారు. దయచేసి వద్దు. లవంగ నూనె 5 నుంచి 10 ఎం.ఎల్. మింగిన రెండేళ్ల బిడ్డకి స్పృహ తప్పి, ఫిట్స్ వచ్చి, లివర్ దెబ్బతిన్న సంగతి వైద్య పత్రికల్లో ఉంది. పెన్నీరాయల్ అనే విదేశీ పుదీనా జాతి నూనెలో పులెగోన్ ఉంటుంది, అది లివర్‌లోని గ్లూటాథయోన్ అనే రక్షణ నిలవల్ని ఖాళీ చేసి కణాల్ని చంపుతుంది. పారాసిటమాల్ ఎక్కువైతే జరిగేదీ దాదాపు ఇదే. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు అంటే 650 ఎం.జి. మాత్రలు ఆరు దాటకూడదు, తాగే అలవాటు ఉన్నవాళ్లకి, లివర్ జబ్బున్నవాళ్లకి హద్దు ఇంకా తక్కువ, అది డాక్టర్ చెప్పాలి. ఎవరైనా పొరపాటున నూనె మింగితే వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, సీసా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

లివర్‌కి నిజంగా అందే సాయం

నూనె రాసుకునే పది నిమిషాల పక్కనే ఈ పనులు పెట్టుకోండి. ఫ్యాటీ లివర్‌కి అన్నింటికంటే పనిచేసేది బరువు తగ్గడం. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి 6 నుంచి 8 కిలోలు, ఏడాదిలో నిదానంగా. చేపల పులుసు మానక్కర్లేదు, దాని కింద ఉన్న అన్నం కుప్ప తగ్గించండి. కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు, రాత్రి పది దాటాక బిర్యానీ, ఇవి ఆపితే సగం పని అయినట్టే. కాఫీ తాగేవాళ్లలో లివర్ జబ్బులు తక్కువగా కనపడుతున్నాయని చాలా దేశాల పరిశీలనల్లో వచ్చింది, పడేవాళ్లు చక్కెర లేకుండా తాగొచ్చు. హెపటైటిస్ బి టీకా వేసుకోనివాళ్లు వేసుకోండి, పెద్దవాళ్లకి మామూలుగా మూడు డోసులు, 0, 1, 6 నెలల్లో. ఇంట్లో బిడ్డ పుడితే 24 గంటల్లోపు మొదటి డోసు పడిందో లేదో అడిగి తెలుసుకోండి.

మద్యం తాగేవాళ్లకి ఏ నూనే లేదు, ఆపడమే. నెల్లూరు జిల్లా దూబగుంటలో మామూలు పల్లె ఆడవాళ్లు సారా అంగడికి ఎదురు తిరిగితే ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ ఆడవాళ్లు లివర్ అనే మాట ఎత్తి ఉండరు, కానీ ఈ గడ్డ మీద లివర్ల కోసం అంతకంటే పెద్ద పని ఎవరూ చేయలేదని నా నమ్మకం. సారా పోయి మద్యం సీసాలొచ్చాయి, లివర్‌కి ఆ తేడా తెలియదు. ఒక హెచ్చరిక, ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావొచ్చు, డాక్టర్ పర్యవేక్షణలో మానాలి.

ఈ గుర్తులు కనపడితే సీసా పక్కన పెట్టండి

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, తెల్లటి మలం, పొట్ట ఉబ్బడం, కాళ్ల వాపు, రక్తం వాంతి, తారులాంటి నల్లటి విరేచనం. ఇవి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి. కామెర్లకి పసరు తాగించడం, వాతలు పెట్టించడం ఇంకా జరుగుతున్నాయి. కొన్ని కామెర్లు ఏ మందు లేకపోయినా వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకి వస్తుంది. తగ్గని రకం కామెర్లు ఉన్న మనిషి అక్కడ వారాలు పోగొట్టుకుంటాడు.

రెండు విషయాల్లో నూనె అసలు సంగతిని కప్పెట్టే ప్రమాదం ఉంది. ఒకటి, సిర్రోసిస్ ఉన్న మనిషి పగలంతా నిద్రపోతూ రాత్రంతా మేలుకుని ఉంటే, మాట తడబడుతుంటే, చేతులు ముందుకు చాపినప్పుడు ఆడుతుంటే అది నిద్రలేమి కాదు, రక్తంలోని విషపదార్థాలు మెదడుని తాకుతున్న గుర్తు. లావెండర్ రాసి పడుకోబెట్టకండి, వెంటనే తీసుకెళ్లండి. రెండు, గర్భం చివరి నెలల్లో దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే అది పైత్యరసం నిలిచిపోవడం వల్ల కావొచ్చు, కడుపులో బిడ్డకి ప్రమాదం. పుదీనా నూనె రాసి ఊరుకోకుండా బైల్ యాసిడ్స్, ఎల్ఎఫ్‌టీ పరీక్షలు చేయించమని డాక్టరమ్మని అడగండి.

ఇక డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడే నూనె సీసా, దాని మీద అంటించిన చీటీతో సహా, మాత్రలతో పాటు సంచిలో వేసుకెళ్లండి. నూనెలు, పసర్లు, పొడులు వాడుతున్నామని చెప్తే తిడతారని చాలామంది దాస్తారు. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఉన్నట్టుండి పెరిగితే కారణం వెతకడానికి డాక్టర్‌కి కావాల్సింది ఆ వివరమే. నూనె మొదలుపెట్టే ముందు ఒక ఎల్ఎఫ్‌టీ, మూడు నెలలకి ఇంకొకటి చేయించుకుని రెండు కాగితాలూ కలిపి ఒకే కవర్లో పెట్టుకోండి.